సొరంగం అనే మాటను బోర్డు మీద రాయకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నారు. తరగతిలో 38 మంది ఉన్నారు. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి చదివించాలని ఉత్సాహంగా మొదలుపెట్టారు. పిల్లలకు కష్టం కాకూడదని మొదటి పీరియడ్‌లో కథంతా తెలుగులో చెప్పారు. మర్నాడు కాగితాలు పంచితే ఎవరూ చదవలేదు. సగం మందికి ఒక పేరా గట్టిగా చదవడమే కష్టంగా ఉంది. పైగా ప్రధానోపాధ్యాయులు ఇది పరీక్షకు ఎలా పనికొస్తుందని అడిగారు. మానేయమంటారా అన్నది మీ ప్రశ్న.

మానకండి. నేను అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం చుట్టుపక్కల ఊళ్లలో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేశాను. అందులో చివరి పదిహేనేళ్లు ఏటా ఒక అపరాధ పరిశోధన కథ చదివించాను. పిల్లల చేత ఒకే పేజీని వాళ్లంతట వాళ్లే మళ్లీ మళ్లీ తిరగేయించిన పాఠం నాకు ఇంకొకటి దొరకలేదు. మీరు చేసిన పొరపాటు ఒక్కటే, కథను ముందే చెప్పేశారు. దిద్దుకోగలిగిన పొరపాటే అది. ఇంకో కథతో మళ్లీ మొదలుపెట్టండి.

మన ఇంగ్లీషు తరగతి నడిచే తీరు మీకు తెలిసిందే. టీచర్ ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెబుతారు. పిల్లలు తల ఊపుతారు. చివరికి ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీదికి వస్తాయి, పిల్లలు ఎత్తి రాసుకుంటారు. ఈ పద్ధతిలో పుస్తకం చదివేది టీచర్ ఒక్కరే. మిగతా పాఠాలు దీన్ని ఎలాగో తట్టుకుంటాయి. డిటెక్టివ్ కథ తట్టుకోలేదు. ఆ కథ చదవడానికి పిల్లవాడికి ఉన్న ఒకే ఒక్క కారణం, ఏం జరిగిందో తెలియకపోవడం. దాన్ని మనమే తీసేస్తే మిగిలేది కష్టమైన ఇంగ్లీషు మాత్రమే.

నేనూ మొదటి సంవత్సరం ఇదే నేర్చుకున్నాను, అదీ పిల్లల దగ్గర. ఎంచుకున్న కథ 'ది రెడ్ హెడెడ్ లీగ్'. ఎర్రజుట్టువాళ్ల సంఘం అన్నమాట. ఆర్థర్ కానన్ డాయిల్ 1891లో రాశారు. నేను కథ చెప్పలేదు, జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. కానీ అలవాటు ప్రకారం పాఠానికి ముందు కొత్త పదాల పట్టిక బోర్డు మీద రాశాను. పది పదాలు, పక్కన తెలుగు అర్థాలు. అందులో ఏడోది టనల్, సొరంగం. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి పట్టికను పైనుంచి కిందికి చూసి, బ్యాంకు అనే మాట కూడా అందులోనే ఉండేసరికి, "సొరంగం తవ్వి బ్యాంకు దోచుకుంటారా, టీచర్?" అంది. ఇంకా మొదటి వాక్యమైనా చదవలేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నేనిచ్చిన ఆధారాలను సరిగ్గా కలిపింది. అప్పటినుంచి నా నియమం ఇది: అడ్డం పడే మాటలకు మాత్రం ముందుగా అర్థం చెప్పాలి, రహస్యాన్ని మోసే మాటలను ముట్టుకోకూడదు. తాకట్టు వ్యాపారి అనే అర్థమున్న పాన్‌బ్రోకర్ అడ్డం పడే మాట, చెప్పేయండి. మన పిల్లలకు తాకట్టు కొట్టు బాగా తెలుసు, ఊడ్పుల రోజుల్లో అమ్మ మెడలో గొలుసు ఎక్కడికి వెళ్తుందో చూసినవాళ్లే. నేలమాళిగ అనే అర్థమున్న సెల్లార్ కూడా చెప్పాలి, దాని గురించి తర్వాత రాస్తాను. సొరంగం మాత్రం పిల్లల నోటినుంచి రావాలి. కాగితాల మీద బొమ్మలు వేసినా ఇదే జాగ్రత్త. చివరి సన్నివేశం బొమ్మ మొదటి పేజీలో ఉంటే పాఠం అక్కడే ముగిసింది.

ఈ కథనే ఎందుకు ఎంచుకున్నానంటే ఇందులో హత్య లేదు, రక్తం లేదు. ఆధారాలన్నీ కళ్లెదుటే ఉంటాయి, నవ్వూ ఉంది. కథ సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి గుర్తు చేస్తాను. లండన్‌లో జేబెజ్ విల్సన్ అనే ఎర్రజుట్టు తాకట్టు వ్యాపారికి ఎర్రజుట్టువాళ్ల సంఘంలో వింత ఉద్యోగం దొరుకుతుంది. రోజూ పదింటినుంచి రెండింటిదాకా ఒక గదిలో కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాను ఎత్తి రాయాలి. వారానికి నాలుగు పౌండ్లు. ఎనిమిది వారాల తర్వాత తలుపుకు సంఘం రద్దయిందని చీటీ కనిపిస్తుంది, విల్సన్ హోమ్స్ దగ్గరికి వస్తాడు. అసలు సంగతి ఏమిటంటే, సగం జీతానికే పనిలో చేరిన గుమస్తా, దుకాణం నేలమాళిగనుంచి వెనకవీధి బ్యాంకులోకి సొరంగం తవ్వుతున్నాడు. యజమానిని నాలుగు గంటలు ఇంట్లో లేకుండా చేయడానికే ఆ ఉద్యోగం.

డాయిల్ 1930లో మరణించారు. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్లకు కాపీహక్కు ముగుస్తుంది కాబట్టి, మూలకథను కుదించుకోవడానికీ జిరాక్స్ తీసుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కుదించడం తప్పదు కూడా, మూలం సుమారు 9 వేల పదాలు. నేను 3 వేలకు తెచ్చుకున్నాను. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు.

బజారులో దొరికే సంక్షిప్త కథలను నమ్మకండి. కుదించేవారు అనవసరమనిపించిన వివరాలను తీసేస్తారు. డిటెక్టివ్ కథలో ఆధారమంటేనే అనవసరంగా కనిపించే వివరం! విల్సన్ తన గుమస్తాను తిడుతూ, వాడికి ఫొటోల పిచ్చి, వాటిని కడగడానికి అస్తమానం కుందేలు కన్నంలో దూరినట్టు నేలమాళిగలోకి దూరతాడు అంటాడు. చదువుతుంటే ఉత్త ఉపమానంలా ఉంటుంది, నిజానికి జరుగుతున్నది అక్షరాలా అదే. కుదించిన పుస్తకంలో ఆ కుందేలు ఉండదు. ఇంకొకటి చూడండి. హోమ్స్ దుకాణం వెనకవీధిలోకి వెళ్లి అక్కడున్నవాటిని వరసగా చెప్పుకుంటాడు: పొగాకు దుకాణం, పత్రికలమ్మే చిన్న కొట్టు, బ్యాంకు శాఖ, శాకాహార భోజనశాల, బండ్లు తయారుచేసే షెడ్డు. అయిదింటిలో మూడోది బ్యాంకు. పట్టిక మధ్యలో పెడితే ఎవరి కన్నూ ఆగదని డాయిల్‌కు తెలుసు. సంక్షిప్త కథలో ఇది 'వెనకవైపు ఒక బ్యాంకు ఉంది' అని ఒకే వాక్యంగా మారిపోతుంది. అది ఆధారాన్ని దాచడం కాదు, చేతిలో పెట్టేయడం. కాబట్టి ముందు మూలం దగ్గర పెట్టుకుని ఆధారాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. సగం జీతం, ఫొటోలు, కుందేలు, పదినుంచి రెండు, చేతికర్రతో దారి మీద కొట్టడం, మోకాళ్లు, బ్యాంకు. వీటిని ఉన్నచోటనుంచి కదపకండి. వయొలిన్ కచేరీని తీసేయండి, బ్యాంకు డైరెక్టరు తన పేకాట గురించి గొణిగేదీ తీసేయండి, దొంగ తన రాజవంశం గురించి చెప్పుకునే గొప్పలూ తీసేయండి. వాక్యాలను చిన్నవి చేయండి. ఆధారం ఉన్న వాక్యంలో మాత్రం మాట మార్చేముందు రెండుసార్లు ఆలోచించండి.

ఇక తరగతి. మొదటిరోజు లండన్‌కు వెళ్లకండి. నేను బోర్డు మీద చిన్న కథ రాసేవాణ్ణి, సులువైన ఇంగ్లీషులో ఆరేడు వాక్యాలు. పైన కుడిమూల తేదీ, మే 14. కింద కథ ఇలా ఉంటుంది. ఒకతను పంచాయతీ పెద్ద దగ్గరికి వచ్చి, "రాత్రి మా పక్కింటాయన నా సైకిల్‌ను కాలువలోకి తోసేశాడు. నీళ్లు మెడలోతున ఉన్నాయి. పొద్దున్నే దిగి, మునిగి, వెతికి తీశాను. నాకు కొత్త సైకిల్ ఇప్పించండి" అన్నాడు. పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించి, "నువ్వు చెప్పేది అబద్ధం" అన్నాడు. ఎలా తెలిసింది?

పిల్లలు రకరకాలుగా చెబుతారు. రాత్రిపూట తోసింది ఎవరో ఎలా కనిపించింది అంటారు. సైకిల్ తుప్పు పట్టాలి కదా అంటారు. ప్రతిదానికీ నా మాట ఒకటే: "మళ్లీ చదవండి." మూడోసారో నాలుగోసారో ఎవరో ఒకరు తేదీ చూస్తారు. మేలో కాలువలు కట్టేస్తారు! పూడిక తీసి, మరమ్మతులు చేసి, మళ్లీ జూన్‌లో కదా నీళ్లు వదిలేది. మెడలోతు నీళ్లు ఎక్కడివి? ఆ క్షణంలో తరగతిలో పుట్టే గోల కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణి. అప్పుడు చెబుతాను, తేదీ కూడా కథలో భాగమే, బోర్డు మీద ఉన్న ప్రతి అక్షరమూ చదవాల్సిందే అని. ఈ మాట వాళ్లకు గుర్తుండిపోయింది. ఎంతగా గుర్తుందో చివర చెబుతాను.

ఈ చిన్న కథవల్ల ఇంకో లాభం ఉంది. కాలువ సంగతి పిల్లలకు మనకంటే బాగా తెలుసు. తమకు తెలిసినది చదువులోకి తెచ్చుకోవచ్చన్న ధైర్యం వాళ్లకు ఆ రోజు వస్తుంది. మర్యాద రామన్న తీర్పులు విన్న పిల్లలు వాటినీ ముందుకు తెస్తారు. రానివ్వండి. తేడా మాత్రం చూపించండి. రామన్న ఒక ఉపాయం పన్ని దొంగ తనంతట తాను బయటపడేలా చేస్తాడు. హోమ్స్ అక్కడ ఉన్నదాన్ని చదువుతాడు. మనకు కావలసింది ఆ రెండోదే.

రెండో రోజు విల్సన్ చేతులు. హోమ్స్ అతన్ని చూడగానే నాలుగైదు సంగతులు చెప్పేస్తాడు. కుడిచెయ్యి ఎడమచేతి కంటే పెద్దది కాబట్టి ఒకప్పుడు కాయకష్టం చేశాడు. కుడి చొక్కాచెయ్యి అంచు అయిదంగుళాల మేర నున్నగా మెరుస్తోంది, ఎడమ మోచేతి దగ్గర బల్లకు ఆనిన చోట అరిగింది కాబట్టి ఈమధ్య చాలా రాశాడు. మణికట్టు పైన చేప పచ్చబొట్టు, గొలుసుకు చైనా నాణెం, కాబట్టి చైనా వెళ్లివచ్చాడు. డాయిల్‌కు ఎడింబరోలో వైద్యం నేర్పిన జోసెఫ్ బెల్ అనే సర్జన్ ఇలాగే రోగుల వృత్తినీ ఊరినీ చూసి చెప్పేవారు, హోమ్స్ పాత్రకు ఆయనే మూలం. పిల్లలకు ఇది చెబితే కథలో ఉన్నది గారడీ కాదని నమ్ముతారు. తర్వాత వాళ్లకు పని ఇవ్వండి: ఇంట్లోనో ఊళ్లోనో ఒకరి చేతులు గమనించి రెండు ఇంగ్లీషు వాక్యాలు రాసుకురావాలి. చూసింది ఒక వాక్యం, దానినిబట్టి తెలిసింది ఇంకో వాక్యం. కొబ్బరి దింపు చేసేవాళ్ల పాదాల గురించి రాశారు, వలుపు కార్మికుడి అరచేతి గురించి రాశారు, లేసు అల్లే నాయనమ్మ చూపుడువేలి మీద గీత గురించి రాశారు. ఇంగ్లీషులో ఎప్పుడూ ఏమీ రాయని పిల్లలు రాశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మనిషిని చూసి చెప్పే ఆట చాలా త్వరగా మనిషి మీద ముద్ర వేసే ఆటగా మారుతుంది. ఒక ఏడాది ఒక పిల్లవాడు, బట్టలు మాసి ఉన్నాయి కాబట్టి అతను దొంగ అయి ఉంటాడు అని రాశాడు. ఇంకొకడు ఎవరిదో పేట పేరు రాశాడు. తరగతిలో ఆ పేట పిల్లలు ముగ్గురున్నారు. నేను పాఠం ఆపి ఆ పీరియడంతా దీనికే ఇచ్చాను. మాసిన బట్ట పని చేశాడని చెబుతుంది, దొంగ అని చెప్పదు. ఆధారం వేరు, మనం ముందే అనుకున్నది వేరు. ఈ కథలోనే దొంగ ఎవరు? మర్యాదగా మాట్లాడే, పనిలో చురుకైన గుమస్తా. మీరు కులం, పేట, రంగు, బట్టల ఖరీదు ఇవేవీ ఆధారాలు కావని మొదటే చెప్పేయండి.

ఉద్యోగం సంపాదించే భాగం నవ్వుతూ గడిచిపోతుంది. ఎర్రజుట్టు అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది గోరింటాకు. గోరింటాకు పెట్టుకుని వెళ్తే ఉద్యోగం ఇస్తారా అని ఎవరో ఒకరు అడగక మానరు. జవాబు చెప్పకుండా, తర్వాతి పేరాలో ఉంది చదవండి అనండి. అక్కడ సంఘం మనిషి విల్సన్ జుట్టు పట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేలా లాగి చూస్తాడు, ఇంతకుముందు రెండుసార్లు సవరాలతో, ఒకసారి రంగుతో మోసపోయామంటాడు. పిల్లవాడి ప్రశ్నకు పుస్తకం జవాబిచ్చిందంటే, ఆ పిల్లవాడు ఇక పుస్తకాన్నే అడుగుతాడు.

కాగితాలను ఒకేసారి పంచకండి. నేను కథను అయిదు ముక్కలు చేసి, 40 నిమిషాల పీరియడ్లు ఏడింటిలో ముగించేవాణ్ణి. ఇద్దరికి ఒక కాగితం చొప్పున మీకు 19 ప్రతులు చాలు. గంట కొట్టగానే కాగితాలు వెనక్కి తీసుకోవాలి. కాగితం ఇంటికి ఇవ్వకపోతే ఎలా చదువుతారని అడుగుతారేమో. ఇవ్వకపోవడంవల్లే మర్నాడు మీరు రాకముందే కాగితాల కోసం స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడతారు.

నాలుగో ముక్క చివర అన్నింటికంటే పెద్ద విరామం ఉంది. హోమ్స్ దుకాణం ముందు దారి మీద చేతికర్రతో రెండు మూడుసార్లు కొడతాడు. తలుపు తట్టి గుమస్తాను ఏదో దారి అడుగుతాడు. తర్వాత అతని స్నేహితుడు వాట్సన్, ఆ మనిషిని చూడటానికే కదా తట్టావు అంటే, మనిషిని కాదు అతని పంట్లాం మోకాళ్లను చూడటానికి అంటాడు. ఏం కనిపించిందని అడిగితే, కనిపిస్తుందనుకున్నదే అంటాడు. ఆ తర్వాత వెనకవీధిలో దుకాణాల వరస. అక్కడ ఆపేయండి. వీలైతే శుక్రవారం ఆపండి, శని ఆదివారాలు మధ్యలో వచ్చేలా. ఇప్పటికి అన్ని ఆధారాలూ పిల్లల చేతిలో ఉన్నాయి. సోమవారం మొత్తం పీరియడ్ వాళ్లదే.

ఆ పీరియడ్‌లో నాకు ఒకే నియమం. మాట తెలుగులో, సాక్ష్యం ఇంగ్లీషులో. తన ఊహను ఎవరైనా తెలుగులో చెప్పవచ్చు, గోదావరి యాసలో చెప్పవచ్చు, అడ్డుచెప్పను. కానీ అందుకు ఆధారమైన వాక్యాన్ని కాగితంలో వేలు పెట్టి చూపించి, ఇంగ్లీషులో గట్టిగా చదవాలి. వాక్యం లేకపోతే ఊహ బోర్డు ఎక్కదు. ఇంగ్లీషులోనే మాట్లాడాలని పట్టుబడితే ఆలోచన ఉన్న పిల్లలు నోరు మూసుకుంటారు. అసలు ఇంగ్లీషే అక్కర్లేదంటే అది చదివే తరగతి కాదు. ఈ నియమం రెండింటికీ మధ్య పనిచేసింది. మీరు చెప్పిన, పేరా చదవలేని పిల్లలకు కూడా ఇక్కడే దారి ఉంది. పేరా చదవనక్కర్లేదు, తన ఊహను నిలబెట్టే ఒక్క వాక్యం చదవాలి. దాన్ని తప్పులతోనే చదువుతారు, మళ్లీ చదువుతారు, ఎందుకంటే వాదనలో గెలవాలి. ముందుగా ఆ ముక్కను మీరు ఒకసారి చక్కగా, ఆపుతూ గట్టిగా చదివి వినిపించండి. గట్టిగా చదవడం వేరు, అర్థం చెప్పడం వేరు. మొదటిది చేయండి, రెండోది మానండి.

ఊహలు చాలా వస్తాయి. ఒక అబ్బాయి, నేలమాళిగలో దొంగనోట్లు అచ్చు వేస్తున్నారు, ఫొటోల మందులంటూ తెచ్చేవి అందుకే అన్నాడు. నాకు ఇప్పటికీ ఎంతో నచ్చిన ఊహ అది. సగం జీతానికి సరిపోతుంది, యజమానిని బయటికి పంపడానికి సరిపోతుంది. 'తప్పు' అనకుండా బోర్డు మీద రాసి, ఒక్కొక్క ఆధారాన్నీ దానిముందు పెట్టమన్నాను. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి తరగతి ఆగిపోయింది. నోట్లు అచ్చు వేసేవాడి మోకాళ్లు ఎందుకు చూడాలి? ఏ పనిలో మోకాళ్లు అరుగుతాయి? నాట్లలో అయితే వంగుతాం, మోకరించం. నేల తుడిస్తే? తవ్వితే? "తవ్వుతున్నాడు" అన్నది దొంగనోట్లన్న అబ్బాయే. తన ఊహను తానే కూల్చుకుని ముందుకు నడిచాడు. కథలో లేని ఊహ ఆధారాలతో సరిపోతే దానికి మార్కులు ఇవ్వండి. కథ జవాబు ఊరికే ఊహించినవాడికి ఇవ్వకండి.

ఇక సెల్లార్ సంగతి. మన దీవిలో నేలమాళిగ ఉన్న ఇల్లు పిల్లలెవరూ చూడలేదు, చూసే వీలూ లేదు. బారెడు లోతు తవ్వితే నీళ్లు ఊరే నేల మనది. నేను ఇంటికింద గది అని చెప్పి బొమ్మ గీసి సరిపెట్టేశాను. సొరంగం మాట వచ్చాక ఒక అమ్మాయి లేచి, "అలా తవ్వితే నీళ్లు రావా?" అని అడిగింది. తరగతి మొత్తం అవునంది. నాకు అప్పుడు అర్థమైంది, వాళ్లు ఈ జవాబును ఇంతసేపూ చేరలేకపోయింది ఇంగ్లీషు రాకపోవడంవల్ల కాదు, సొరంగం అసాధ్యమని వాళ్ల అనుభవం చెబుతోంది కాబట్టి. మే నెలలో కాలువలో నీళ్లుండవని పట్టుకున్న ఆ జ్ఞానమే ఇక్కడ అడ్డుపడింది. ఆ ఏడాది నుంచి మూడో ముక్కకు ముందే లండన్ నేల గురించి అయిదు నిమిషాలు చెప్పడం మొదలుపెట్టాను. బంకమట్టి నేల, ఇళ్ల కింద గదులు మామూలు, బొగ్గు అక్కడే పోసుకుంటారు. భూమికింద రైలు 1863 నుంచే నడుస్తోంది, ఈ కథలోనే హోమ్స్, వాట్సన్ ఆ రైలెక్కి వెళ్తారు. సొరంగం అనకుండానే, భూమికింద మనుషులు తిరగగల ఊరు అని తెలిస్తే చాలు. కుందేలు కన్నానికి కూడా, వరిచేను గట్టులో పీత బొరియ గుర్తు చేయండి. పీత అందులోకి దూరడం చూడని పిల్లలు మన దగ్గర లేరు.

కథ ముందే తెలిసిన పిల్లవాడు ప్రతి తరగతిలో ఒకడుంటాడు, ఇప్పుడు ఫోనుల్లో అన్నీ దొరుకుతున్నాయి. వాణ్ణి కసరకండి. పక్కకు పిలిచి రహస్యంగా ఒక పని అప్పగించండి: జవాబు నీకు తెలుసు సరే, ఆ జవాబు కథలో ముందే ఏయే వాక్యాల్లో దాగి ఉందో వెతికి రాసిపెట్టు, చివరిరోజు నువ్వే చదవాలి. అందరికంటే కష్టమైన పని అది.

వ్యాకరణం విడిగా చెప్పనక్కర్లేదు, సోమవారం వాదనలోనే వస్తుంది. మస్ట్ హావ్, మే హావ్, కాంట్ హావ్ రూపాలు పాఠ్యపుస్తకంలో పట్టికలా ఉంటే ఎవరికీ ఎక్కవు. మన భాషలో అవే తేడాలు చక్కగా ఉన్నాయి: తవ్వి ఉండాలి, తవ్వి ఉండవచ్చు, తవ్వి ఉండడు. పిల్లలు వాదనలో ఏది వాడుతున్నారో విని, బోర్డు మీద దాని పక్కన ఇంగ్లీషు రూపం రాయండి. ఎంత నమ్మకముంటే ఏ మాట వాడాలో తెలిశాక దాన్ని మరచిపోరు.

ప్రధానోపాధ్యాయులకు మీరు చెప్పవలసింది ఇదే. పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో ముందు చూడని పేరా ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. జవాబు సూటిగా కనిపించే ప్రశ్నలకు మన పిల్లలు రాస్తారు, రెండు వాక్యాలు కలిపి తెలుసుకోవలసిన ప్రశ్న వస్తే వదిలేస్తారు. ఆ కలపడమే ఏడు పీరియడ్ల పాటు వీళ్లు చేసే పని. ఆయన్ను సోమవారం పీరియడ్‌కు వచ్చి వెనక బెంచీలో కూర్చోమనండి. నేను పనిచేసిన ఒకచోట అలా వచ్చిన ప్రధానోపాధ్యాయులు పది నిమిషాల్లో తానే చెయ్యి ఎత్తారు.

ఒకటి బాగా నడిచాక రెండో కథగా 'ది స్పెకిల్డ్ బ్యాండ్' తీసుకోవచ్చు. అందులో మరణం ఉంది, కాబట్టి తరగతిని చూసుకుని నిర్ణయించుకోండి. పాము అందులో పాలు తాగుతుంది, ఈల వింటే తాడు పట్టుకుని పైకి పాకుతుంది. తాచునూ కట్లపామునూ రక్తపింజరినీ చూసి పెరిగిన మన పిల్లలు పాఠం మధ్యలోనే, పాము అలా చేయదంటారు. పాముకు బయటి చెవులు లేవనీ, పాలు దాని ఆహారం కాదనీ సైన్సు టీచర్‌ను తరగతికి పిలిచి చెప్పించండి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు కాబట్టి, నమ్మకాన్ని వెక్కిరించినట్టు కాకుండా నెమ్మదిగా జరగాలి. పేరున్న రచయిత కూడా పొరబడవచ్చని తెలియడం పిల్లలకు పెద్ద చదువు.

ఆ మాటకొస్తే ఎర్రజుట్టు కథలోనూ ఒక పొరపాటు ఉంది. నేను మూడేళ్లు పాఠం చెప్పినా చూడలేదు. ఆ ఉద్యోగం ప్రకటన ఉందని విల్సన్ తెచ్చిన పత్రిక తేదీ 1890 ఏప్రిల్ 27, సరిగ్గా రెండు నెలల క్రితందని వాట్సన్ అంటాడు. విల్సన్ పనిచేసింది ఎనిమిది వారాలు. అంటే సంఘం రద్దయ్యేది జూన్ చివర. తలుపు మీది చీటీలో మాత్రం అక్టోబర్ 9 అని ఉంది! దీన్ని పట్టుకున్నది రెండో వరుస అమ్మాయి, పరీక్షల్లో ఎప్పుడూ ముందుండని పిల్ల. నా దగ్గరికి కాగితం తెచ్చి, రెండు తేదీల మీద రెండు వేళ్లు పెట్టి, "ఎవరు అబద్ధం చెబుతున్నారు, సార్?" అంది. మే 14 కాలువ కథ మనసులో ఉంది కదా, ఇదీ ఆధారమే అనుకుంది. వాళ్లెవరూ కాదమ్మా, రచయితే పొరబడ్డారు అన్నాను. ఆ అమ్మాయి నమ్మలేదు. తరగతంతా నెలలు లెక్కపెట్టింది. మరో అబ్బాయి ఇంకాస్త ముందుకు వెళ్లి, చీటీ కనిపించిన ఆ రోజే శనివారమని హోమ్స్ అంటాడు కదా, అక్టోబర్ 9 ఏ వారమో చూద్దామన్నాడు. లెక్కల టీచర్ సాయంతో వెనక్కి లెక్కవేశారు. గురువారం వచ్చింది.

చాలా సంక్షిప్త కథల్లో ఈ తేదీలను దిద్దేస్తారు, లేదా తీసేస్తారు. మీరు ఉంచండి. పత్రిక తేదీ రెండో ముక్కలోనూ చీటీ తేదీ మూడో ముక్కలోనూ వచ్చేలా కాగితాలు కత్తిరించండి. వాటి గురించి మీరు ఒక్క మాట కూడా అనకండి. ఆ ఏడాది ఎవరూ పట్టుకోకపోయినా అనకండి. వచ్చే ఏడాది తరగతి ఉంది.